కాటన్ అను ఇంటిపేరు: కొందఱు ప్రసిద్ధులు

తెలుగువాడు స్వస్థలము విడిచి ఎంత దూరము పోయినను ఇంటిపేరును వెంటగొని పోవును. కావేరీతీరమున గాని, గంజాము మండలమున గాని, మైసూరు సీమలో గాని, మహారాష్ట్రమున గాని తరతరములుగా నివసించుచున్న కుటుంబములు తమ పూర్వు లెప్పుడు బయలుదేరిరో మఱచినను, వారు విడిచివచ్చిన పల్లెపేరును ఇంటిపేరుగా నిలుపుకొనుచున్నవి. త్యాగరాజస్వామి తిరువారూరున జన్మించి తిరువైయ్యారున జీవించెను. అయినను ఆయనది కాకర్లవారి వంశము. కాకర్ల తెలుగునాటి గ్రామము. ఇట్టి ఇంటిపేరు మనకు గర్వకారణ మగుట సహజమే. కాని ఆ గర్వమువెంట రెండు భ్రమలు కూడ వచ్చుచున్నవి. ఇంటిపేరు ఒకటైనచో వంశము ఒకటే యనుకొనుట మొదటిది. వంశమున ఒకడు ఘనుడైనచో ఆ ఘనత తక్కినవారికి దానంతట అదే సంక్రమించు ననుకొనుట రెండవది.

మన ఇంటిపేర్లను మనమే విచారించునపుడు అభిమానము అడ్డువచ్చును. కావున ముందుగా పరాయి ఇంటిపేరు నొకదానిని తీసికొని పరిశీలించుట మేలు. అందులకు 'కాటన్' అను ఆంగ్లేయుల ఇంటిపేరు తగినది. ఇది స్మిత్, జోన్స్, బ్రౌన్ వంటి పేర్లవలె అడుగడుగునా కనిపించునది కాదు. అయినను ఈ పేరు గలవారు నాలుగు శతాబ్దములలో పలు రంగములందు ప్రసిద్ధి కెక్కిరి. వారిలో ఒకని పేరు గోదావరీ మండలములలో నేటికిని కృతజ్ఞతతో తలచుకొనబడుచున్నది. పైగా ఈ సంచికను చదువు తెలుగువారు నివసించు ప్రాంతములలో పెక్కింట ఏదో యొక కాటన్ జాడ కనిపించును.

ముందు పేరు పుట్టుక. ప్రత్తికి ఆంగ్లమున 'కాటన్' అందురు గనుక ఈ కుటుంబములవారు ప్రత్తి వర్తకులై యుందురని తోచుట సహజము. అది సరికాదు. ప్రత్తి యను నర్థము గల మాట 'కుత్న్' అను అరబ్బీ పదమునుండి వచ్చినది. ఇంటిపేరైన కాటన్ 'గుడిసె' యను నర్థము గల 'కాట్' అను ప్రాచీనాంగ్ల పదమునుండి పుట్టినది. 'గుడిసెలయొద్ద' అని దాని భావము. మన గూడెము, పాలెము వంటిదే. ఇంగ్లండున ఈ పేరు గల పల్లెలు పెక్కులు గలవు. ఒక్కొక్క పల్లెనుండి వెడలినవారు ఒక్కొక్క కాటన్ కుటుంబమైరి. కనుక ఈ పేరు రక్తసంబంధమునకు గుర్తు కాదు, ఊరికి గుర్తు. మన ఇంటిపేర్లలో అధికభాగము ఇట్టివే. ఒకే ఊరినుండి వలసపోయిన భిన్నకులములవారు, భిన్నగోత్రములవారు ఒకే ఇంటిపేరు దాల్చియుండుట మనకు కొత్త కాదు.

పేరునుబట్టి పొరపడుట ఎంత సులభమో బెంగుళూరు నగరమున చూడవచ్చును. అచ్చట కాటన్‌పేట యున్నది. బిషప్ కాటన్ పాఠశాల యున్నది. పేట ప్రత్తి వ్యాపారమువలన ఆ పేరు పొందినది. పాఠశాల కలకత్తా బిషప్పుగా నుండిన జార్జి ఎడ్వర్డ్ లించ్ కాటన్ పేరిట వెలసినది. గోదావరికి ఆనకట్ట కట్టించిన కాటన్ దొర ఈ రెండింటికిని సంబంధించినవాడు కాడు. కావున ఒక్కొక్కరిని వేఱు చేసి చూడవలసి యున్నది.

కాలమునుబట్టి మొదట పేర్కొనదగినవాడు సర్ రాబర్ట్ బ్రూస్ కాటన్. ఆయన 1571లో జన్మించి 1631లో మరణించెను. స్కాట్లండు రాజైన రాబర్ట్ బ్రూస్ సంతతివాడ నని చాటుకొనుటకై తన పేరున 'బ్రూస్' అను మాటను చేర్చుకొనెను. ఈ వంశాభిమానము ఆయనకు చిరకీర్తిని తేలేదు. కీర్తిని తెచ్చినది ఆయన గ్రంథసంచయము. ఆంగ్లదేశమున మఠములు మూతపడిన తరువాత వాటిలోని వ్రాతప్రతులు చెల్లాచెదరై నశించుచుండెను. కాటన్ వానిని వెదకి కూర్చి తన గ్రంథాలయమున భద్రపఱచెను. బీరువాలపై రోమక చక్రవర్తుల ప్రతిమల నుంచి, ఏ చక్రవర్తి క్రింద, ఏ అరలో, ఎన్నవ గ్రంథ మను పద్ధతిలో వానికి గుర్తులు పెట్టబడినవి. ప్రాచీనాంగ్ల కావ్యమైన 'బేవుల్ఫ్' ప్రతి విటెల్లియస్ ప్రతిమ క్రింది బీరువాలో మొదటి అరయందలి పదునైదవ గ్రంథము. నేటికిని పండితులు దానిని ఆ గుర్తుతోనే పేర్కొందురు. 1215 నాటి మాగ్నా కార్టా ప్రతులలో నేడు మిగిలిన నాలుగింట రెండు ఈ సంచయములోనివే.

ప్రాచీనపత్రములు ప్రజల హక్కులకు ఆధారము లగునని రాజునకు తెలియకపోలేదు. 1629లో మొదటి చార్లెస్ ఆ గ్రంథాలయమును మూయించెను. రెండేండ్లకే కాటన్ మరణించెను. తరువాత ఆయన మనుమడు సర్ జాన్ కాటన్ ద్వారా ఆ సంచయము జాతికి దక్కెను. 1731లో ఆష్‌బర్న్‌హామ్ భవనమున అగ్నిప్రమాదము జరిగి కొన్ని ప్రతులు కాలిపోయెను. కొన్నింటి అంచులు మాడిపోయెను. మిగిలినవి 1753లో స్థాపితమైన బ్రిటిష్ మ్యూజియమునకు మూలసంపద లయ్యెను. తంజావూరు సరస్వతీ మహలునందు తెలుగు తాళపత్రములు నిలిచియుండుటకు గాని, బ్రౌను కూర్చిన ప్రతులు మదరాసు ప్రాచ్యలిఖిత గ్రంథాలయమునకు చేరుటకు గాని విలువ తెలిసిన మనకు ఈ కాటన్ చేసిన పని యెట్టిదో వేఱుగ చెప్పనక్కఱలేదు.

అదే శతాబ్దమున ఇంకొక కాటన్ కవిగా పేరొందెను. ఆయన చార్లెస్ కాటన్ (1630-1687). చేపలు పట్టుటను గూర్చి ఐజాక్ వాల్టన్ వ్రాసిన ప్రసిద్ధ గ్రంథమునకు 1676లో రెండవ భాగము వ్రాసి చేర్చెను. డవ్ నదీతీరమున 1674లో చిన్న మందిరము కట్టించి, దాని ద్వారముపై తన పేరి తొలి అక్షరములను మిత్రుడైన వాల్టన్ పేరి అక్షరములతో పెనవేసి చెక్కించెను. ఫ్రెంచి రచయిత మాంటేన్ వ్యాసములను ఆంగ్లీకరించినవాడు ఈయనయే.

మతకారణమున దేశము విడిచిన కాటన్ కూడ నొకడు గలడు. జాన్ కాటన్ (1585-1652) ఇంగ్లండునందలి బోస్టన్ పట్టణమున మతాచార్యుడుగా నుండి, 1633లో అమెరికాకు వలసపోయి, అచ్చటి బోస్టన్‌లో ప్రముఖ బోధకు డయ్యెను. ఆయన కూతురు మేరియా మాదర్ వంశమున మెట్టినది. ఆమె కుమారునకు పుట్టింటి పేరునే సొంత పేరుగా పెట్టిరి. అతడే కాటన్ మాదర్ (1663-1728). వలసపోయిన యింట తల్లివైపు పేరును నిలుపుకొనుటకు ఇది యొక మార్గము. అయితే ఆ పేరు ధరించిన మనుమని చరిత్ర ఒకే తీరుగా సాగలేదు. 1692లో సేలమ్ పట్టణమున మంత్రగత్తె లను నెపమున నిరపరాధుల నురిదీసినపుడు అతడు ఆ విచారణలను సమర్థించి వ్రాసెను. ఆ మనుష్యుడే 1721లో బోస్టన్‌లో మశూచి చెలరేగినపుడు, ఒనీసిమస్ అను ఆఫ్రికా బానిస తనకు తెలిపిన విధానము ననుసరించి, మశూచి రసమును చర్మమున ఎక్కించి రోగమును నివారింపవచ్చునని వాదించెను. ప్రజలు కోపించినను జబ్దీల్ బోయిల్‌స్టన్ అను వైద్యుడు ఆ ప్రయోగమును సాగించి పలువురిని కాపాడెను. ఒకే పేరు గలవారి మాట యటుండగా, ఒకే మనుష్యునియందే మంచిచెడ్డలు ఈ విధముగ కలసియుండును.

ఇక మన దేశముతో సంబంధము గల కాటనులను చూతము. వీరిలో ఒక కుటుంబము కాంబర్‌మియర్‌వారిది. స్టేపుల్టన్ కాటన్ (1773-1865) యువకుడై యున్నపుడు 1799లో శ్రీరంగపట్టణ యుద్ధమున పాల్గొనెను. 1826 జనవరిలో సర్వసేనానిగా భరత్‌పూరు కోటను పట్టుకొనెను. వైకౌంట్ కాంబర్‌మియర్ అను బిరుదము ఈయనదే. ఈయన పినతండ్రి కుమారులు వుడ్‌కోట్ గృహమునకు చెందిన పదునొకండుగురు సోదరులు. వారిలో సిడ్నీ కాటన్ 1857లో పెషావరున సేనాపతి. రిచర్డ్ లించ్ కాటన్ ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షుడుగా పనిచేసెను. ఫ్రెడరిక్ కాటన్ మదరాసు ఇంజనీరు. పదవవాడు ఆర్థర్ థామస్ కాటన్.

ఆర్థర్ కాటన్ 1803 మే 15న జన్మించెను. అడిస్కోంబ్ సైనిక విద్యాలయమున చదివి, 1819లో మదరాసు ఇంజనీర్ల దళమున చేరి, 1821లో ఈ దేశమునకు వచ్చెను. ఆయన కీర్తికి పునాది పడినది గోదావరిపై కాదు, కావేరిపై. శ్రీరంగమునకు ఎగువను కావేరి రెండు పాయలగును. ఉత్తరపు పాయ కొల్లిడము. అది పల్లముగ నుండుటచే నీరంతయు అటు మళ్లి, తంజావూరు సీమను పోషించు కావేరిపాయ ఇసుక మేట వేసి ఎండిపోవుచుండెను. 1836లో కాటన్ కొల్లిడముపై ఎగువను, దిగువను ఆనకట్టలు కట్టించెను. కావేరిపాయకు నీరు దక్కెను. త్యాగరాజస్వామి నివసించిన తిరువైయ్యారు ఆ పాయ ఒడ్డుననే యున్నది. ఆయన అప్పటికి సజీవుడు. తమిళనాటి తెలుగువారు కాటన్‌ను గోదావరివారి దొరగా మాత్రమే తలచుట లోపము. వారి పూర్వుల పొలములకును ఆయన చేతి నీరు పాఱినది.

ఈ పనియందు ఆయన నేర్చుకొనినదియు గలదు. లోతు తెలియని ఇసుకలో పునాది యెట్లు నిలుచునో ఆయనకు బోధించినది కరికాలచోళుడు కట్టించెనని ప్రసిద్ధి గల ప్రాచీనమైన కల్లణై. ఆ విద్య ఈ దేశపు పూర్వ శిల్పులదని ఆయన దాచక చెప్పెను. ఆంగ్లభాషలోనికి ఎక్కిన 'ఆనికట్' అను మాటయే దానికి సాక్షి. అది మన ఆనకట్ట, తమిళుల అణైక్కట్టు.

ఆ కాలమున గోదావరీ మండలము దుర్దశలో నుండెను. 1832-33 నాటి కఱవు, 1839 నాటి కోరంగి తుఫాను ప్రజలను పీడించెను. 1821లో సుమారు 7 లక్షల 38 వేలుగా నుండిన రాజమహేంద్రవర మండల జనసంఖ్య 1841 నాటికి సుమారు 5 లక్షల 61 వేలకు తగ్గిపోయెను. మహానది యొడ్డున నుండి జనులు ఆకలిచే చచ్చుట, వలసపోవుట! 1844లో కాటన్ నదిని పరిశీలించి నివేదిక సమర్పించెను. 1847లో ధవళేశ్వరమున పని ప్రారంభమై 1852లో ముగిసెను. నది అచ్చట నాలుగు మైళ్ల వెడల్పు. నడుమనున్న లంకలను ఆధారము చేసికొని ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా ఆనకట్ట నిర్మింపబడెను. వేలాది కూలీలను కూడగట్టి పని నడపుటలో వీణెం వీరన్న అను తెలుగు ఉద్యోగి ఆయనకు కుడిభుజమై యుండెను. కాలువలు డెల్టా నలుమూలలకు సాగెను. గౌతమీ తీరమున నున్న యానాము ఫ్రెంచివారి యేలుబడిలో నున్నను, ఈ మార్పును కన్నులార చూచిన ఊరు. పాత ఆనకట్టకు బదులుగా నిర్మితమై 1982లో పూర్తియైన బ్యారేజికి ఆయన పేరే పెట్టబడినది.

అయితే ఆయన తలపెట్టిన దంతయు ఫలింపలేదు. 1858లో ఒడిస్సాకు పోయి మహానదికి పథకము రచించెను. దానిని చేపట్టిన కంపెనీ నిలువలేక 1868లో ప్రభుత్వపరమయ్యెను. తుంగభద్రనుండి కర్నూలు-కడప కాలువను త్రవ్వించిన మదరాసు ఇరిగేషన్ కంపెనీ గతియు నదే. 1882లో ప్రభుత్వము దానిని కొనెను. రైళ్లకంటె కాలువలే ఈ దేశమునకు మేలని ఆయన చేసిన వాదము కారణముగ 1878లో పార్లమెంటు సంఘముచే తీవ్రముగ ప్రశ్నింపబడెను. 1899 జులై 24న మరణించు వఱకు ఆయన తన వాదమును విడువలేదు. గుణదోషములను రెండింటిని చెప్పుటయే ఆయనకు తగిన గౌరవము.

ఆయన కుమార్తె ఎలిజబెత్, లేడీ హోప్ అను పేర ప్రసిద్ధురాలు, తండ్రి జీవితచరిత్రను 1900లో ప్రకటించెను. గోదావరి చరిత్ర వ్రాయువారందఱును దానికి ఋణపడియున్నారు. కాని 1915లో ఆమె పేరిట ఒక కథ వెలువడెను. శాస్త్రజ్ఞుడైన డార్విన్ అంత్యదశలో తన సిద్ధాంతమునుగూర్చి పశ్చాత్తాపపడె నని దాని సారాంశము. డార్విన్ సంతానము దానిని ఖండించిరి. ఘనుని కుమార్తె చెప్పిన దైనంతమాత్రమున మాట సత్యము కాదు.

బెంగుళూరు పాఠశాలకు పేరైన జార్జి ఎడ్వర్డ్ లించ్ కాటన్ 1813లో జన్మించెను. తండ్రి ఆ యేడే యుద్ధమున మరణించెను. ఆయన రగ్బీలో ఉపాధ్యాయుడు; 1852 నుండి 1858 వఱకు మార్ల్‌బరో పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడు. క్షీణదశలో నున్న ఆ పాఠశాలను నిలబెట్టెను. 1858లో కలకత్తా బిషప్పుగా వచ్చి పాఠశాలలు స్థాపించు పనికి పూనుకొనెను. సిమ్లాలో 1859లోను, బెంగుళూరున 1865లోను వెలసిన పాఠశాలలు ఆయన పేరును ధరించుచున్నవి. నాగపురమునను ఒకటి గలదు. 1866 అక్టోబరు 6న కుష్తియా యొద్ద నదిలో పడి ఆయన మరణించెను.

వీరికంటె వేఱైన కాటన్ కుటుంబ మింకొకటి మదరాసు రాజధానితో పెనవేసికొనినది. దానికి మూలపురుషుడు సెయింట్ ఆల్బన్స్ పట్టణపు వైద్యుడును కవియు నైన నథానియేల్ కాటన్. మనోవ్యాధితో బాధపడిన విలియం కూపర్ కవికి చికిత్స చేసినవాడు ఆయనయే. ఆయన కుమారుడు జోసెఫ్ మొదలుకొని ఆ వంశమువారు ఈస్టిండియా కంపెనీ కొలువున నుండిరి. ఆ వంశమున సర్ హెన్రీ కాటన్ 1845లో కుంభకోణమున జన్మించెను. బెంగాలు సివిల్ సర్వీసున పనిచేసి 1896 నుండి 1902 వఱకు అస్సాము చీఫ్ కమిషనరుగా నుండెను. 1901లో గౌహతియందు ఆయన నెలకొల్పిన కళాశాల కాటన్ పేరనే వెలసి, 2017లో విశ్వవిద్యాలయ మయ్యెను. తేయాకు తోటల కూలీలకు వేతనము పెంపవలెనని పట్టుపట్టి తోటల యజమానుల ఆగ్రహమునకు గురియయ్యెను. ఆ కూలీలలో గంజాము, విశాఖపట్టణ మండలములనుండి పోయిన తెలుగువారును ఉండిరి. ఇది మనము మఱవదగని విషయము. 1904లో బొంబాయి నగరమున జరిగిన కాంగ్రెసు మహాసభకు ఆయన అధ్యక్షత వహించి, స్వపరిపాలనము గల భారత సంయుక్త రాష్ట్రముల ఆదర్శమును ప్రకటించెను. వంగవిభజనమును ప్రతిఘటించెను. పాలకవర్గమున పుట్టి పాలితుల పక్షమున నిలుచుటకు ఏ ఇంటిపేరును బలవంతపెట్టదు. అది మనుష్యుని స్వీయనిర్ణయము.

మదరాసు సివిల్ సర్వీసున నుండిన జూలియన్ జేమ్స్ కాటన్‌ను కూడ పేర్కొనవలెను. ఆయన 1905లో మదరాసు రాజధానియందలి సమాధుల, స్మారకముల శాసనములను కూర్చి ఒక సంపుటము ప్రకటించెను. మచిలీపట్టణము, పులికాటు వంటి రేవులలో ఱాళ్లపై అరిగిపోవుచున్న అక్షరములను పుస్తకమున కెక్కించెను. రాబర్ట్ కాటన్ ఇంగ్లండున చేసినది వ్రాతప్రతుల రక్షణము. ఈయన మన తీరమున చేసినది శిలాక్షరముల రక్షణము.

ఇంతమందిని చూచిన పిమ్మట తేలునదేమి? వీరందఱిని కలిపినది పేరొక్కటే. ఒకరిద్దఱు దగ్గఱి బంధువులు, పలువురు కారు. ఒకడు గ్రంథములు దాచెను, ఒకడు కోట పట్టుకొనెను, ఒకడు నీరు పాఱించెను, ఒకడు కూలీల పక్షమున పలికెను. ఒకరి యశము ఇంకొకరికి చెందదు. ఒకరి అపయశమును అంతే. పేరు మనుష్యుని గుర్తించుటకు పనికివచ్చును. పని మాత్రమే అతనిని స్మరింపజేయును.

ఈ విచారణ మన కేమి నేర్పును? బయటి రాష్ట్రములలోని తెలుగు సంఘములు వంశచరిత్రలు వ్రాయునపుడు ఒకే ఇంటిపేరు గలవారిని ఒకే వంశముగా కలిపివేయకుండవలెను. ఏ ఇంటివారు ఏ పల్లెనుండి వచ్చిరి, ఏ పనిపై వచ్చిరి, వచ్చినచోట ఏమి చేసిరి అని వేఱువేఱుగ వ్రాసికొనవలెను. ప్రసిద్ధులను మాత్రమే కాక, చెఱువు త్రవ్వినవారిని, మగ్గము నేసినవారిని, బడి పెట్టినవారిని కూడ అందు చేర్చవలెను. వీరన్న పేరు లేని ఆనకట్ట కథ యెంత కొఱతో వారి పేర్లు లేని వంశచరిత్రయు అంత కొఱత.

అల్పసంఖ్యాకుల పాఠశాలలలో తెలుగు బోధించువారికి నిత్యానుభవమైన మాట యొకటి చెప్పి ముగించెదను. ఇంటిపేరు పలుకగల పిల్లలు పెక్కుమంది. దానిని తెలుగున వ్రాయగలవారు కొందఱే. ఆంగ్లలిపిలో ట, త లకు భేదము చూపరు. తమిళలిపిలో ప, బ లకు అక్షర మొకటే. కనుక 'బండి' వారును 'పండి' వారును ఒకరే యగుదురు. రెండు తరములు ఇట్లు గడచినచో ఏ పల్లెపేరో తేల్చుట కష్టము. రాబర్ట్ కాటన్ కూర్చిన గ్రంథములు మంటలనుండి కొంతవఱకైనను మిగిలినవి. వ్రాయక విడిచిన పేరు కాలుటకు మంట యక్కఱలేదు. ప్రతి యింటను, ఇంటిపేరును, దాని పల్లెను, పెద్దలకు తెలిసిన వలసకథను తెలుగు అక్షరములలో ఒక కాగితముపై పిల్లలచేత వ్రాయించి భద్రపఱచుట నేడే చేయదగిన పని.